మస్టరు పడని దుమ్ము

మా రోజుల్లో దుమ్ము తిన్నోడికి జీతం వచ్చేది. గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు, నాకూ తెలుసు. అయినా తిర్యాణి దిక్కు నుంచి గోలేటికి బొగ్గు టిప్పర్లు వచ్చే తొవ్వ పక్కన ఓ అరగంట నిలబడి చూడండి, మీ నోటికీ ముందు ఆ మాటే వస్తుంది. టిప్పరు పోయాక లేచే నల్లపొడి డ్రైవరు మీద పడదు, అద్దాలు ఎక్కించుకుంటాడు. ఆ బొగ్గుతో పుట్టిన కరెంటు వాడుకునేవాడి మీద అసలే పడదు, వాడు ఏ హైదరాబాదులోనో ఏసీ వేసుకుని పడుకుంటాడు. పొద్దుగాల పత్తిచేనుకు నడిచిపోయే కూలీ ఆడవాళ్ల మీద పడుతుంది, గల్మ ముందు ఆరబోసిన మిరపకాయల మీద పడుతుంది. వాళ్లలో ఒక్కరికీ మస్టరు పడదు.

మస్టరంటే హాజరు. బాయి మీద, అంటే గని దగ్గర, గుమాస్తా మన పేరు ఎదుట గీత గీస్తే ఆ రోజు మనం లెక్కలోకి వచ్చినట్టు. బదిలీ ఫిల్లరుగా, అంటే బొగ్గు నింపేవాడిగా, చేరిన కొత్తలో అదే మా ప్రాణం. భూగర్భంలో ఏడాదికి 190, ఉపరితలంలో 240 రోజులు నిండితే జీతంతో సెలవులు. దాని వెనకే క్వార్టరు, దవాఖాన చీటీ, దీపావళి బోనసు నడిచి వచ్చేవి. మేం తిన్న దుమ్ముకు కూడా చట్టంలో ఓ గడి ఉండేది. 1952 గనుల చట్టం కింద 1955లో చేసిన నియమాల ప్రకారం బాయిలో పనిచేసేవాణ్ని ఐదేళ్లకోసారి డాక్టరు చూడాల్సి ఉండేది, ఛాతీ ఎక్స్‌రే తీయాల్సి ఉండేది. ఊపిరితిత్తుల్లో బొగ్గుపొడి పేరుకునే జబ్బు వృత్తి జబ్బుల పట్టికలో ఉంది, తేలితే పరిహారం ఇవ్వాలి. ఆ పరీక్షలు ఎంత శ్రద్ధగా జరిగేవని మీరడిగితే నేను మాట మారుస్తాను. కాగితం మీదైనా ఉందిగదా అంటాను. రోడ్డుపక్క గుడిసెలో ఉండి ఏళ్ల తరబడి అదే పొడి పీల్చిన మనిషి పేరు ఏ పట్టికలో ఉంది?

బొగ్గు నడక కూడా అప్పుడు వేరే. తట్టా చెమ్మాస్‌తో మేం నింపిన టబ్బును ఇనుపతాడు మీద హాలేజీ ఇంజను పైకి లాగేది. పైన బంకరు, దాని కింద రైలు వ్యాగను. మేం చేసిన బాయిల్లో చాలావాటికి బొగ్గు రైలుపెట్టె ఎక్కేదాకా ఊరి మనిషి నడిచే బాట తొక్కేదే కాదు. మా సింగరేణి కంపెనీ పుట్టుకే పట్టాల మీద. 1880ల్లో ఇల్లందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి రైలుదారి చీల్చారు. 1920ల చివర కాజీపేట–బల్లార్షా లైను పూర్తయింది, దాని వెంటే బెల్లంపల్లి బొగ్గు బయటపడ్డది. రైలు ఉన్నకాడ బాయి తవ్వేవాళ్లు, బాయి తవ్వినకాడికి రైలు తెచ్చేవాళ్లు. రైలు మోయనిదాన్ని మనిషి మోసేవాడు. లారీ అంటే కలప తెచ్చేదో, రేషను బియ్యం తెచ్చేదో.

ఇప్పుడు మా ఏరియాలో భూగర్భ బాయి ఒక్కటీ నడవదు. గోలేటి ఇంక్లైన్లు మూతపడ్డాయి. ఖైరిగూడ లాంటి ఓపెన్‌కాస్టులే దిక్కు. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షా పదివేల మందికి పైగా ఉండేవాళ్లం, ఇప్పుడు నలభై వేల దరిదాపు. బొగ్గు మాత్రం 2023–24లో ఏడు కోట్ల టన్నులు దాటింది, అప్పటికి మూడింతల పైనే. జనం తగ్గి బొగ్గు పెరిగితే నడుమ పెరిగినవి చక్రాలు. ఆ చక్రాల మీద కూర్చున్న పిల్లలు కూడా మనోళ్లే, కాంట్రాక్టు డ్రైవర్లు. ట్రిప్పు లెక్కన పైసలైతే ఎవడైనా తొక్కుతాడు. నేను తిట్టేది వాళ్లను కాదు. తిట్టడం మొదలుపెడితే ముందు వాళ్లే దొరుకుతారు, అది వేరే.

గాలికి కూడా ఇక్కడ కొలత వేరు. దేశం మొత్తానికి 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఊపిరిలోకి పోయే సన్నధూళి, అదే పీఎం10, ఇరవై నాలుగు గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటొద్దు. బొగ్గుగనుల కోసం 2000లో వేరే ప్రమాణం రాశారు. కొత్త గనుల దగ్గర 250, పాతవాటి దగ్గర 300 దాకా పోవచ్చు. దుమ్ము లేచే చోటికి 500 మీటర్ల లోపల ఇళ్లుంటే మాత్రం ఊరి కొలతే పట్టాలన్నారు, మంచిదే. ఇల్లు 501వ మీటరులో ఉన్నవాడు ఏ ముక్కుతో పీల్చాలో అందులో రాయలేదు.

ఇక పెద్ద రోడ్డు. జాతీయ రహదారి 363. మంచిర్యాల నుంచి బెల్లంపల్లి, తాండూరు, రెబ్బెన, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా మహారాష్ట్ర పొలిమేర దాకా నాలుగు వరసలు చేశారు. నేను రోడ్డు వద్దనే మనిషిని కాను. వానాకాలం అంబులెన్సు గుంతల్లో ఊగుతుంటే లోపలి మనిషి దారిలోనే పోయిన రోజులు చూసినవాణ్ని. ఇవాళ అదే అంబులెన్సు బాణంలా మంచిర్యాలకు పోతుంది. పోనీయండి. మరి రోడ్డుకు ఈ పక్క ఇల్లు, ఆ పక్క చేను ఉన్నోడు ఎట్ల పోవాలి?

మా రోజుల్లో రోడ్డు దాటడం ఒక పనే కాదు. ఎడ్లబండి వస్తుంటే బస్సు ఆగేది. చెయ్యెత్తితే ఎర్రబస్సు ఎక్కడైనా ఆగేది, కండక్టరు రెండు తిట్లు తిట్టినా ఎక్కించుకునేవాడు. ఇప్పుడు నడుమ డివైడరు లేచింది. బండి కట్టినవాడు తిరిగి రావడానికి యూటర్ను దాకా పోవాలి, ఎడ్లకు యూటర్ను చెప్పేది ఎవరు? అందుకని ఎదురుదారిలో తోలుతాడు. చస్తే పేపర్లో ‘రాంగ్‌రూటు’ అని పడుతుంది. కట్టెలమోపుతో ఆడమనిషి డివైడరు ఎక్కి దిగుతుంటే కారులో పోయేవాడు హారను కొట్టి, ఈ జనానికి బుద్ధి లేదంటాడు. ఆమె పుట్టక ముందునుంచీ ఆ ఊరోళ్లు దాటుతున్న చోటు అది. రోడ్డే వచ్చి ఆమె దారికి అడ్డం పడ్డది.

ఈ దారి తడోబా నుంచి కవ్వాల్‌కు పులులు తిరిగే అడవి గుండా పోతుంది గనుక, అవి దాటేందుకు ఏర్పాటు ఉండాలని అటవీశాఖ పట్టుబట్టింది. పెద్దపులి ఎక్కడ దాటుతుంది, ఏ కాలంలో దాటుతుంది, అడుగుజాడలు చూసి, కెమెరాలు కట్టి లెక్క తీశారు. నాకు పులుల మీద కోపం లేదు, వాటికి ఓ శాఖ ఉంది, చట్టం ఉంది. పశువుల కాపరి ఎక్కడ దాటుతాడు, ఏ వాడ పిల్లలు ఏ బడికి పోతారు, వారసంతకు ఏ గూడెం నడిచొస్తుంది అని కెమెరా కట్టిన శాఖ ఏదీ నాకు తగలలేదు.

మా మనుమడు, డాలస్‌లో ఉంటాడు, ఈ మాట విని ఫోన్లో నవ్వాడు. "తాతా, నువ్వు జెప్పేదానికి ఈడ పేరుంది. రోడ్డు ఏసే ముందుగాల దాని పొగ ఎవల మీద పడ్తది, లాభం ఎవలికి పోతది, గరీబోళ్లెవరు, నల్లోళ్లెవరు, అన్నీ లెక్కగట్టాల్నని 1994ల క్లింటన్ ఆర్డరేసిండు" అన్నాడు. అంతకుముందు అక్కడా తక్కువ పాపం జరగలేదట. 1956 తర్వాత వేసిన పెద్దరోడ్లు చాలాచోట్ల నల్లవాళ్ల వాడలను నడుమకు చీల్చాయి. సెయింట్ పాల్ పట్నంలో రోండో అనే వాడ అట్లాగే ముక్కలైందని చెప్పాడు. ఏ వీధిలో ఎంత పొగ, ఎంత పేదరికం ఉందో ఒకే పటం మీద చూపే ఏర్పాటు కూడా 2015లో ప్రభుత్వమే జనానికి తెరిచిందట. నేను సంబరపడి, అయితే ఆ ఆర్డరు కాగితం పంపు, మన కలెక్టరు సారుకు చూపిస్తానన్నాను. కాసేపు సప్పుడు లేదు. "అది పోయిన జనవరిల ట్రంపు రద్దు జేసిండు తాతా" అన్నాడు. 2025 సంగతి. ఆ పటాన్ని కూడా మరుసటి నెల సర్కారు తీసేసిందట. మంచి అలవాట్లు సముద్రం దాటి రావడానికి నలభై ఏళ్లు పడుతుంది, చెడ్డవి మాత్రం విమానం ఎక్కి వస్తాయి.

మన దగ్గర చట్టాల్లేవా? ఉన్నాయి, దండిగా ఉన్నాయి. రిటైరైనోడికి పొద్దుపోదు గనుక యూనియను ఆఫీసులో కూర్చుని చదివించుకున్నాను. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఓ మంచి అధ్యాయం ఉంది. పని మొదలుపెట్టకముందే ఎవరి బతుకు ఎట్లా మారుతుందో చూడాలి, భూమి లేని కూలీని కూడా అడగాలి. చదువుతుంటే కడుపు నిండింది. ఆఖర్న 105వ సెక్షను వచ్చింది. వెనక నాలుగో షెడ్యూలులో రాసిన పదమూడు చట్టాలకు ఇది వర్తించదట. ఆ పదమూడులో జాతీయ రహదారుల చట్టం ఉంది, రైల్వే చట్టం ఉంది, బొగ్గు నేలల సేకరణ చట్టం కూడా ఉంది. రోడ్డు, రైలు, బొగ్గు. ఆ మూడూ తీసేస్తే మా రెబ్బెన మండలంలో ఇంక మిగిలింది పత్తే. 2015 నుంచి పరిహారం, పునరావాసం లెక్కలను వీటికీ కలిపారు. అంచనా మాత్రం అట్లనే బయట నిలబడ్డది. అంటే ఎంత ఇవ్వాలో చూస్తారు, ఏం పోతుందో చూడక్కర్లేదు.

పర్యావరణ అనుమతి సంగతి ఇంకో వింత. 2006 నోటిఫికేషను ప్రకారం ఉన్న జాతీయ రహదారిని వెడల్పు చేస్తే, ఆ పని 30 కిలోమీటర్లు దాటి, మిగతా షరతులూ కలిస్తే ముందస్తు అనుమతి కావాలన్నారు. 2013లో ఆ 30ని 100 చేశారు. మా 363ను రెండు ముక్కలుగా కట్టారు. మంచిర్యాల నుంచి రేపల్లెవాడ దాకా సుమారు 42 కిలోమీటర్లు, అక్కడ్నుంచి పొలిమేర దాకా 52 పైచిలుకు. కలిపినా వంద దాటదు, విడగొట్టినా దాటదు. రైలుపట్టాలైతే ఆ నోటిఫికేషను పట్టికలోనే లేవు. కాజీపేట–బల్లార్షా మూడో లైను రెండు వందల కిలోమీటర్ల పైన ఉంటుంది, దానికి ఈ అనుమతి పేరే అక్కర్లేదు.

రైలు ఊసు వచ్చింది కాబట్టి ఓ ముక్క. మా రేచిని రోడ్డు, ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్ల మీదుగానే 2024 సెప్టెంబరు నుంచి నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందే భారత్ ఉరుకుతుంది. చూడ్డానికి బాగుంటుంది, మా దగ్గర ఆగదు. ప్యాసింజరు బండికి కరోనా కాలంలో ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి పది రూపాయల టికెట్టును ముప్ఫై చేశారు, మళ్లీ పదికి దింపేసరికి 2024 ఫిబ్రవరి అయింది. బెల్లంపల్లి కూరగాయల మార్కెట్టుకు గంప పట్టుకుని పోయే ముసలమ్మ ఆ ఇరవై రూపాయలు ఎన్నాళ్లు కట్టిందో ఏ బడ్జెట్టులోనూ కనపడదు.

అన్నీ చెడ్డవే అంటున్నానని మా వాడకట్టు కుర్రాళ్లు నా మీద పడతారు. సరే, మంచి ఒకటి చెప్తాను, దాని తోకతో సహా. సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు ఏళ్లపాటు లారీల్లో కొత్తగూడెం దిక్కు రోడ్డు మీదనే పోయేది. ఆ తొవ్వలో ఇల్లున్నవాడి ముఖం చూస్తే మా ఫిల్లర్ల ముఖాలే నయం. చివరికి భద్రాచలం రోడ్డు స్టేషను నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలుమార్గం వేశారు, దాదాపు 990 కోట్లు, అందులో సింగరేణి వాటా కూడా ఉంది. 2022 నవంబరు 12న ప్రధాని రామగుండం వచ్చి జాతికి అంకితం చేశారు. బొగ్గు మళ్లీ పట్టాలెక్కిందని నేను ఆ రోజు మా ఇంటామెకు చెప్పి చాయ్ పెట్టించుకున్నాను. మా రోజుల్లో మాదిరి బొగ్గు తొవ్వ వేరు, మనిషి తొవ్వ వేరు అయ్యిందని.

తర్వాత తెలిసింది తోక సంగతి. రైలుకు బొగ్గు నింపాలంటే సైలో బంకరు కావాలి. దాన్ని కిష్టారం దగ్గర కట్టారు. పక్కనే అంబేడ్కర్ నగర్ కాలనీ. తొవ్వ పొడుగునా పంచుకున్న దుమ్మంతా ఇప్పుడు ఒక్కచోటికి వచ్చిందని, ఇళ్లలో నిలవలేకపోతున్నామని, బంకరు తీసేయండని ఆ కాలనీవాళ్లు ధర్నాలకు కూర్చున్నారు. ఎన్నో ఊళ్లకు ఊపిరాడింది, నిజమే. ఆ ఊపిరి వెల కట్టింది ఎవరో కాలనీ పేరు చదివితే తెలుస్తుంది. బంకరు ఎక్కడ పెట్టాలని కాగితం మీద గీత గీసిన ఇంజినీరుకు ఎవరి మీదా కక్ష ఉండదు. జాగ చవగ్గా ఎక్కడుంది, పట్టా ఎటు వంగుతుంది, అడ్డం చెప్పేవాళ్లు ఎక్కడ తక్కువ, ఇంతే చూస్తాడు. చవక జాగ పక్కన ఎవరుంటారన్నది మన దేశంలో శతాబ్దాల కింద తేలిన లెక్క.

ఆ పాత లెక్కతోనే మా వాడలోని డ్రైవరు పిల్లగాడు ఒకడు నా నోరు మూయించాడు. "తాతా, మీ కాలం మీ కాలం అంటవ్, మీ కాజీపేట లైను ఏసినప్పుడు గోండులను ఎవలడిగిండ్రే?" అన్నాడు. ఎవరూ అడగలేదు. 1940ల్లో గిరిజనుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర ఈ ఆదిలాబాదు గుట్టల్లో తిరిగి రాసిందీ అదే గదా. రైలొచ్చింది, రోడ్డొచ్చింది, వాటి వెనక బయటివాళ్లొచ్చారు, గోండుల, కొలాముల చేతుల్లోంచి భూమి జారింది. మేం కూడా ఆ రైలు దిగి వచ్చినవాళ్లమే. కరీంనగర్ దిక్కు నుంచి మా నాయన మూట పట్టుకుని బెల్లంపల్లిలో దిగాడు. మాకు మస్టరు పడ్డది, వాళ్లకు పడలేదు. పిల్లగాడి మాట కాదనలేదు, కాకపోతే 'అప్పుడు అడగలేదు గనుక ఇప్పుడూ అడగం' అన్నది ఏ ఊరి న్యాయమని తిరిగి అడిగాను. వాడికి డ్యూటీ టైమయింది.

గనులకైతే అడిగే ఏర్పాటు ఉంది, ప్రజాభిప్రాయ సేకరణ. 1997లో మొదలైంది. నెల ముందు పేపర్లో ప్రకటన, తెలుగులో సారాంశం, షామియానా, కలెక్టరో ఆయన తరఫు అధికారో అధ్యక్షత, కాలుష్య మండలి వాళ్లు వీడియో తీస్తారు. ఇంతమంది రావాలన్న కోరం లేదు, ఓటింగు లేదు. మైకు పట్టినవాడు ఉద్యోగం అడుగుతాడు, అది వాడి తప్పు కాదు, ఇంకేం అడిగినా దొరకదని వాడికి తెలుసు. నేను పోయిన ఒకదాంట్లో, ఊరు పేరు ఎందుకు లెండి, ఒక కొలాం ముసలాయన లేచి టిప్పర్లు ఏ తొవ్వన పోతాయని అడిగాడు. అది ఈ నివేదిక పరిధిలోకి రాదు, రవాణా వేరే అన్నారు. గని ఒక కాగితం, దాని రోడ్డు ఇంకో కాగితం, రైలు మూడో కాగితం. ముసలాయనకు మాత్రం మూడూ ఒకే ముక్కులోకి వస్తాయి.

మొన్న మా ఇంటికి ట్యాబ్ పట్టుకుని ఒక సర్వే పిల్లగాడు వచ్చాడు. ఏదో రోడ్డు పనికట, ఏ ఆఫీసు వాడో నేను చెప్పను. "మీ భూమి ఎంత పోతుంది తాతా?" అన్నాడు. గుంట కూడా పోదన్నాను. "అయితే బాధితుల్ల మీ పేరు రాదు" అని లేవబోయాడు. కూర్చోబెట్టి చాయ్ పోయించాను. మా వాడకట్టులో గుంట భూమి కూడా లేనివాళ్లే ఎక్కువ, వాళ్లకు పోయేదానికి ఏ గడి ఉందో చూపించమన్నాను. వెతికి వెతికి అడుగున 'ఇతర వివరాలు' అని ఒకటి చూపించాడు. ఎన్ని అక్షరాలు పడతాయన్నాను. నూటయాభై అన్నాడు. నేను చెప్తూ పోయాను, వాడు కొడుతూ పోయాడు. మూడో ఇంటిదాకా వచ్చేసరికి ట్యాబ్ ఎర్రగా మెరిసి ఇంక పట్టదంది.